బట్టకు పట్టిన పొగ



సంక్రాంతికి సొంతూరు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు ఈపాటికి సంచులు విప్పే ఉంటారు. విప్పగానే గుప్పుమన్న వాసనా గుర్తుండే ఉంటుంది. భోగి మంట దగ్గర కట్టుకున్న చీర, కప్పుకున్న శాలువా పొగ వాసన కొట్టాయంటే సరే. మడత విప్పని కొత్త చొక్కాకి కూడా అదే వాసన ఎలా వచ్చింది? దాన్ని మంట దగ్గరికి ఎవరూ తీసుకెళ్లలేదు కదా.

చీరకు పట్టినది కొద్దికొద్దిగా ఆవిరవుతూ, మూసిన సంచిలో దారి లేక, పక్కనున్న చొక్కాలోకి చేరింది. అంటే వాసన ఒక పదార్థం. దానికి బరువుంది, అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది, అంటుకుంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మనం మామూలుగా చేసే పనుల్లో సగం ఎందుకు పనికిరావో తెలుస్తుంది. పొగ వాసన రాగానే సెంటు కొడతాం. బీరువాలో కలరా ఉండలు ఇంకో నాలుగు పడేస్తాం. ఇంకొందరు సాంబ్రాణి వేస్తారు. సాంబ్రాణీ పొగే! ఉన్న పొగ ఎక్కడికీ పోలేదు, దాని మీద ఇంకో పొగ చేరింది. రెండు రోజులకి సాంబ్రాణి తేలిపోతుంది, అడుగునున్నది మళ్లీ పలకరిస్తుంది.

అసలు పొగలో ఏముంది? కట్టెలో సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెట్టుకు గట్టిదనం ఇచ్చేది అదే. కట్టె పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, గుప్పెడు బూడిద తప్ప ఏమీ మిగలవు. కానీ పచ్చికట్టె, తడిసిన దుంగ, గాలి ఆడని పొయ్యి అలా మండవు. సగం కాలి, సగం ఉడికి, లిగ్నిన్ ముక్కలవుతుంది. అందులోంచి గ్వాయకాల్, సిరింగాల్ అనే ఫీనాల్ జాతి రసాయనాలు పుడతాయి. పొగ వాసన అని మన ముక్కు గుర్తుపట్టేది ముఖ్యంగా వీటినే. ఐస్‌క్రీముకు పరిమళమిచ్చే వెనిలిన్ కూడా ఇదే లిగ్నిన్ నుంచి కొద్దిగా పుడుతుంది. కట్టెల పొయ్యి మీద కాచిన పులుసు రుచే వేరని మెచ్చుకునేదీ, ఆ పులుసు కాచేటప్పుడు కట్టుకున్న చీరను ముక్కు మూసుకుని పక్కన పడేసేదీ ఒకే సరుకు చూసి! సెల్యులోజ్ వంతుగా ఎసిటిక్ ఆమ్లం లాంటి పుల్లటి ఆవిర్లు వస్తాయి. వీటన్నిటికీ తోడు మసి, తారు. మసి రేణువుల్లో చాలావరకు ఒక మైక్రాన్ కూడా ఉండవు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నటి రేణువు నూలుపోగుల సందుల్లోకి చేరి, తారు జిగటతో అక్కడే అతుక్కుంటుంది. అందుకే దులిపితే కొంతే పోతుంది, ఉత్త నీళ్లలో జాడిస్తే ఇంకొంత.

ముక్కు సంగతి కూడా చెప్పుకోవాలి. గ్వాయకాల్ నీళ్లలో వందకోట్ల పాళ్లకి ఓ పదీ ఇరవై పాళ్లున్నా మనిషి పసిగడతాడు. బట్టలో ఉన్న పొగలో ముప్పాతిక భాగం పోయినా వాసన అలాగే ఉన్నట్టనిపించడానికి కారణం అది. ఒక్క ఉతుకుతో పోలేదని నిరాశపడనక్కర్లేదు. అదే ముక్కు మరోవైపు త్వరగా అలవాటు పడిపోతుంది. పొగలోనే తిరిగినవాళ్లకి పొగ తెలియదు. కాబట్టి వాసన పోయిందో లేదో ఇంట్లో ఉన్నవాళ్లు తేల్చకూడదు. బయట ఓ అరగంట తిరిగొచ్చి చూడండి, లేదా పక్కింటివాళ్లని అడగండి. మొహమాటపడని పక్కింటివాళ్లయితే మరీ మంచిది.

భోగి పొగ ఇంతగా పట్టడానికి ఆ వేళ కూడా కారణమే. తెల్లవారుజామున నేలను ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. పొగ పైకి లేవదు, వీధిలోనే పరుచుకుంటుంది. పైగా మంచు. నూలుబట్ట ఆ తేమను పీల్చుకుంటుంది, తేమతో పాటు నీళ్లలో కరిగే ఆవిర్లన్నీ లోపలికి దిగుతాయి. చలిలో ఉన్ని బట్టలు కప్పుకుంటాం. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను దాచుకోగలదు.

మంటలో ఏం వేశారన్నది ఇంకో సంగతి. దుంగలు, పిడకలు ఒక రకం. పిడకల్లో నత్రజని ఉంటుంది గనక ఆ పొగకి కొంత ఘాటు ఎక్కువ. అయినా ఉతికితే పోతుంది. ఈమధ్య కొన్ని వీధుల్లో మంట ఎత్తుగా లేవాలని పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. టైరులో గంధకం ఉంటుంది. దాని మసి నల్లగా, నూనెలా ఉంటుంది, దాని వాసన వదిలించడం కట్టె పొగ కన్నా ఎంతో కష్టం. ఊపిరితిత్తులకి చేసే చెరుపు ముందు ఇది చిన్న విషయమే అనుకోండి. అయినా వచ్చే ఏడాది ఎవరైనా టైరు దొర్లించుకుంటూ వస్తే, మిగతా కారణాలకి లొంగకపోయినా బట్టల పేరు చెప్పి ఆపవచ్చు.

ఇక పని. ముందు పొడిగా చేయాల్సినవి పొడిగా చేసేయాలి, తడి తర్వాత. బట్ట మీద కంటికి కనిపించే మసి ఉంటే చేత్తో రుద్దకండి, తడిగుడ్డతో అసలే తుడవకండి. రుద్దితే మసి పోగుల్లోకి దిగి మరకవుతుంది. ఆరుబయట పట్టుకుని విదిలించండి. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతి బట్టకి తగలకుండా కాస్త ఎత్తులో పట్టుకుని లాగించండి. తర్వాత దండెం మీద, గాలి తగిలేలా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరేయండి. ఒక పూట కాదు, ఒకటి రెండు రోజులు. తేలిగ్గా ఎగిరిపోయే ఆవిర్లన్నీ గాలికే పోతాయి, ఖర్చు లేకుండా. ఎండ మంచిదే గానీ రంగు బట్టలకి నీడే మేలు. ఇక్కడ పని చేసేది ముఖ్యంగా గాలి.

ఉతకడం దగ్గరికి వస్తే నూలుబట్ట అన్నిటికన్నా సులువు. పాతకాలంలో మన ఊళ్లలో రజకులు చౌడుమట్టి కలిపిన నీళ్లలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టేవారు. చౌడులో ఉండేది చాలావరకు సోడియం కార్బొనేట్, అంటే ఇవాళ కొట్లో దొరికే బట్టల సోడాయే. ఫీనాల్ జాతి రసాయనాలకి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. క్షారం తగిలితే అవి లవణాలుగా మారి నీళ్లలో కరుగుతాయి. వేడికి తారు మెత్తబడుతుంది. కట్టెల పొయ్యి తప్ప ఇంకోటి లేని రోజుల్లో, ఊరంతా పొగలోనే వండుకునే రోజుల్లో, చాకిరేవు నుంచి వచ్చిన పంచె తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉండేదంటే వెనక ఇంత రసాయనం ఉంది. ఫీనాల్ పేరు వాళ్లెవరూ విని ఉండరు, పని మాత్రం సరిగ్గా దాని మీదే చేశారు.

మనం చేయగలిగింది దానికి కొంచెం చిన్న రూపం. తెల్లటి లేదా రంగు దిగని నూలుబట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు అయితే ఒక బకెట్ వేడినీళ్లలో రెండు మూడు చెంచాల బట్టల సోడా వేసి గంటసేపు నానబెట్టి, తర్వాత మామూలు సబ్బుపొడితో ఉతకండి. బట్టల సోడా చేతికి మంట పుట్టిస్తుంది, తొడుగులు వేసుకోవాలి. రంగు మీద అనుమానం ఉంటే వంటసోడా వాడండి, అరకప్పు. అది మెతక క్షారం, పని నెమ్మది, రాత్రంతా నాననివ్వాలి. వాషింగ్ మెషీన్‌లో అయితే డ్రమ్ము కుక్కి నింపకండి. బట్టల మధ్య నీళ్లు తిరగకపోతే ఒకదాన్నుంచి వదిలిన తారు ఇంకోదానికి పడుతుంది. ఒకటికి రెండుసార్లు జాడించడం ఇక్కడ దుబారా కాదు.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు దీని తర్వాత వస్తుంది. బట్ట ఆరింది, ఇంకా కొంచెం వాసన ఉంది, ఇస్త్రీ చేస్తే పోతుందిలే అనుకుంటారు. పోదు. వేడికి మిగిలిన తారు కరిగి పోగుకి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె తీయకండి, డ్రయ్యర్‌లో వేయకండి, దండెం మీదే ఆరనివ్వండి. పోలేదంటే మళ్లీ ఉతకండి.

పాలియెస్టర్ సంగతి వేరు. దానికి నీళ్లంటే గిట్టదు, నూనెలంటే ఇష్టం. తేమ దాదాపు పీల్చుకోదు, జిడ్డును మాత్రం పట్టుకుని వదలదు. నైలాన్ చీరలు, కర్టెన్లు, పిల్లల బడి యూనిఫారాలు చాలావరకు కృత్రిమ నూలుతో కలిసినవే. వీటికి సోడా కన్నా సబ్బుపొడి పాలు పెంచడమే దారి, నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

ఇప్పుడు పట్టు. నేను దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే భోగికైనా, హోమానికైనా, పెళ్లికైనా పొగ దగ్గరికి మనం కట్టుకుని వెళ్లేది పట్టుచీరే. పట్టు మాంసకృత్తు, అంటే ప్రొటీన్. నూలుకి మేలు చేసిన సోడాయే పట్టుకి శత్రువు, పోగును కొరికి మెరుపు తీసేస్తుంది. మామూలు సబ్బుపొడి కూడా క్షారమే. క్లోరిన్ బ్లీచ్ అయితే పట్టును, ఉన్నిని రెంటినీ పాడుచేస్తుంది. గద్వాల చీర మరీ చిక్కు. నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకి సోడా కావాలి, అంచుకి కూడదు. ఇలాంటిచోట అంచు చెప్పిన మాటే వినాలి, బట్టలో ఏది సున్నితమో దాన్ని బట్టే వైద్యం.

పట్టుచీర చేతికి రాగానే మడిచి బీరువాలో పెట్టకండి. నీడలో, గాలి తగిలేచోట, నాలుగైదు రోజులు వదిలేయండి. రోజూ మడత మార్చండి. చాలా చీరలకి ఇదే సరిపోతుంది. సరిపోకపోతే జరీ లేని చీరను పలచటి కుంకుడు రసంలో, చల్లటి నీళ్లతో, పిండకుండా జాడించవచ్చు. కుంకుడుకాయ నురుగు జిడ్డును వదిలిస్తుంది, సోడాలా పోగును కొరకదు. జరీ చీర మాత్రం డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పొగ పట్టిందని నోరు తెరిచి చెప్పండి. పాత ద్రావకంలో ముంచితే వేరేవాళ్ల మురికి కూడా కలిసొస్తుంది, శుభ్రమైనదాంట్లో వేయమని అడగండి. పెట్రోల్ వాష్ ఇంట్లోనే చేసుకుంటే పోలేదా అని కొందరంటారు. వద్దు. పొగ వాసన పోగొట్టబోయి ఇల్లు తగలెట్టుకున్నట్టవుతుంది.

జరీ గురించి ఇంకో మాట. అసలైన జరీలో వెండి ఉంటుంది. దీపావళి మందులో పొటాషియం నైట్రేట్, బొగ్గులతో పాటు గంధకం కూడా కలుస్తుంది. ఆ పొగలోని గంధకపు సమ్మేళనాలు వెండికి తగిలితే వెండి సల్ఫైడ్ ఏర్పడి నల్లబడుతుంది. టపాకాయలు కాల్చేవేళ అమ్మమ్మ నాటి ధర్మవరం చీర కట్టుకోవడం అందుకే నాకు మనసొప్పదు. వాసన ఏదో విధంగా పోతుంది, నల్లబడ్డ జరీకి పాత కళ తెప్పించడం సులువు కాదు.

ఉన్ని శాలువాలు, స్వెట్టర్లు, తెలంగాణ పల్లెల్లో గొంగడి, వీటిని వేడినీళ్లలో వేస్తే ముడుచుకుపోతాయి. ఉన్నికి ఒక మంచి గుణం ఉంది, పీల్చుకున్నదాన్ని గాలికి వదిలేస్తుంది కూడా. స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి నిండినప్పుడు పావుగంట వేలాడదీసి, ఆ తర్వాత బయట గాలికి ఆరేయండి. లోపలికి పోయిన ఆవిరి బయటికొస్తూ వాసనను కొంత వెంట తెస్తుంది. రెండు మూడుసార్లు చేస్తే తేడా తెలుస్తుంది.

పరుపులు, సోఫాలు ఉతకలేం. వీటి మీద వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున వాక్యూమ్‌తో లాగేయమని అందరూ చెబుతారు. చేయండి, నష్టం లేదు. పుల్లటి ఆవిర్లను అది కొంత అణుస్తుంది. తారును ఏమీ చేయలేదు. వంటసోడాకి ఉన్నంత కీర్తికి అది పూర్తిగా అర్హం కాదని నా అభిప్రాయం. దూది పరుపైతే అసలు మందు వేరే ఉంది. విప్పి, దూది ఏకించి, ఎండలో పరిచి, గలీబు ఉతికి మళ్లీ కుట్టించడం. బూరుగుదూదికి సహజంగా మైనంలాంటి పూత ఉంటుంది. అది నీళ్లను తోసేస్తుంది, నూనెను పీల్చుకుంటుంది. సముద్రంలో చమురు ఒలికితే పీల్చడానికి కూడా బూరుగుదూది పనికొస్తుందంటే చూడండి. కాబట్టి బూరుగు దిండు పొగ తారును గట్టిగానే పట్టుకుంటుంది, దానికి ఎండలు ఎక్కువ కావాలి.

పుస్తకాలు, తోలు సంచులు, మూసిన పెట్టెలకి యాక్టివేటెడ్ బొగ్గు బాగా పనిచేస్తుంది. కొబ్బరి చిప్పలతో కూడా దీన్ని తయారుచేస్తారు. ఒక్క గ్రాము బొగ్గు లోపలి రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. ఆ గోడలకి ఆవిర్లు అంటుకుంటాయి. మన పొయ్యిలో చల్లారిన బొగ్గు ఇది కాదు, దానికి ఇంత శక్తి ఉండదు. పెట్టెలో పొట్లాలు పెట్టి మూసి, వారం రోజులు మరిచిపోండి.

సిగరెట్, బీడీ, చుట్ట పొగకి దారి కొంచెం మారుతుంది. వీటిలోని నికోటిన్ క్షారం. అందుకని ఇక్కడ వెనిగర్ పనికొస్తుంది. కొట్లో దొరికే తెల్ల వెనిగర్ ఒక కప్పు చివరి జాడింపు నీళ్లలో కలపండి. వెనిగర్‌నీ సోడానీ ఒకేసారి పోసి బుసబుస పొంగడం చూసి సంబరపడకండి, ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉత్త ఉప్పునీళ్లే. ఇంకొక హెచ్చరిక, ఇది ప్రాణాల మీదికి వచ్చేది: క్లోరిన్ బ్లీచ్‌తో వెనిగర్‌నిగానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌నిగానీ ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది.

సిగరెట్ పొగను ఒట్టి వాసన సమస్యగా చూడటం కూడా సరికాదు. కర్టెన్లకి, పరుపులకి, గోడలకి పట్టిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లుగా మారుతుందని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు 2010లో చూపించారు. గ్యాస్ పొయ్యి మంటలోంచి కూడా ఆ నైట్రస్ ఆమ్లం వస్తుంది. పాకే పిల్లలు ఆ పొగ పట్టిన తివాచీ మీదే చేతులు పెట్టి, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. బాల్కనీలో కాల్చి వచ్చి బిడ్డను ఎత్తుకునే నాన్నలు చొక్కా మార్చుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు. మానేస్తే చొక్కా మార్చే పని కూడా ఉండదు.

పాలు మాడిన వాసన చిన్నదనుకుంటాం గానీ మొండిది. మాంసకృత్తు మాడితే మసి కనపడదు, పలచటి పొర మాత్రం వంటింటి గోడలకి, కర్టెన్లకి, అలమర తలుపులకి పడుతుంది. బట్టలొక్కటే ఉతికితే లాభం లేదు, తలుపులూ గోడలూ కూడా సబ్బునీళ్లతో తుడవాలి. లేకపోతే అవి మళ్లీ బట్టలకి అందిస్తూనే ఉంటాయి.

చివరగా ఇంట్లో నిజంగా నిప్పంటుకున్న సందర్భం. షార్ట్ సర్క్యూట్‌తో వైర్లు కాలితే వాటి పీవీసీ తొడుగు నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. ఆ మసి ఆమ్లంతో కూడినది. ఆలస్యమైన కొద్దీ జిప్పులు, హుక్కులు తుప్పు పడతాయి, బట్ట రంగు మారుతుంది. కానీ తొందరపడి ఫ్యాన్లు, ఏసీలు వేయకండి. మసి మిగతా గదులకి కూడా పోతుంది, పైగా ఎలక్ట్రీషియన్ చూడకుండా స్విచ్చి ముట్టుకోకూడదు. మాస్కు, చేతి తొడుగులు లేకుండా లోపల పని చేయవద్దు. పెద్ద నగరాల్లో ఇలాంటి ఇళ్లకి ఓజోన్ మిషన్లు తెచ్చి పెట్టేవాళ్లున్నారు. ఓజోన్ వాసన కలిగించే అణువులను విరిచేస్తుంది నిజమే, ఊపిరితిత్తులనీ అలాగే బాధిస్తుంది, రబ్బరును, ఎలాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. అది నడుస్తున్నంతసేపూ మనుషులు, కుక్కలు, కుండీల్లో మొక్కలు ఏవీ ఇంట్లో ఉండకూడదు, తర్వాత బాగా గాలాడించి అడుగుపెట్టాలి. ఇంటికి బీమా ఉంటే ఒక్క గుడ్డ ఉతికేముందు కూడా అన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోండి. శుభ్రం చేశాక నష్టం చూపించడం కష్టం. ఫోము దిండ్లు, పసిపిల్లల మెత్తటి బొమ్మలు ఆ పొగలో ఉండి ఉంటే మాత్రం వాటి మీద సోడా, వెనిగర్, వారం రోజుల శ్రమ ఏదీ ఖర్చు పెట్టకుండా పారేయండి.